ఆకు తిప్పి చూసిన సేటు

సేటు చనిపోయారన్న కబురు నాకు ఆయన ఇంటివాళ్ల నుంచి రాలేదు. రెండేళ్లుగా ఆయన దుకాణంలో ఒక్క మందు సీసా కూడా కొనని ఒక రైతు నుంచి వచ్చింది. కంది ఊళ్లో చిక్కుడు, వంకాయ, ఆకుకూరలు పండించుకునే ఆమె ఉదయం తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది. అప్పుడు సంగారెడ్డి మార్కెట్లో, మూసిన షట్టర్ ముందు నిలబడి ఉంది.

"సార్, సేటు లేడంట. కాగితం అంటించిన్రు. ఫోటో గూడ ఉన్నది," అంది. తర్వాత, "చిక్కుడు తీగ తెంపుకొచ్చిన, చూపిద్దమని," అంది.

ఎవరు చెప్పిన వార్తనైనా రెండో చోట సరిచూసుకోవడం నా వృత్తి అలవాటు. సేటు కొడుక్కి ఫోన్ చేశాను. నిజమే. తెల్లవారాక టీ తాగుతూ ఛాతీలో నొప్పి అన్నారట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. డెబ్బై దాటిన మనిషి. ముందు రోజు సాయంత్రం దాకా దుకాణంలోనే ఉన్నారు.

ఆయనది ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. నలభై ఏళ్లు అదే గదిలో, అదే బల్ల వెనక కూర్చున్నారు. మార్కెట్లో అందరికీ ఆయన సేటు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఇంటి వెనక పెంచుకున్న కూరగాయల మీద పురుగు పడితే ఏం చేయాలో, ఏం చేయకూడదో ఈ చుట్టుపక్కల చాలామందికి ఆయన నేర్పారు. నేర్చుకున్నవాళ్లలో నేనొకణ్ణి. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే పెద్ద తప్పు చేసి నేర్చుకున్నవాణ్ణి.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది వంకాయ మొక్కల కోసం. మా ఇంటికీ ప్రహరీకీ మధ్య రెండు ఆటోలు పట్టేంత జాగా ఉంది. అందులో పన్నెండు మొక్కలు పెట్టాను. పూతకొచ్చే వేళకు కొమ్మల చివర్లు ఒక్కొక్కటీ వాలిపోవడం మొదలైంది. నీళ్లు చాలలేదనుకుని నీళ్లు పోశాను. ఇంకా వాలాయి. గట్టి మందేదైనా ఇవ్వమని దుకాణానికి వెళ్లాను.

"ఆకేది?" అన్నారు సేటు.

తేలేదన్నాను. ఆయన నా వెనక ఉన్నతని వైపు తిరిగారు. నా పని అయిపోయిందని నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఇంటికి వెళ్లి వాలిన కొమ్మ ఒకటి కోసుకుని మళ్లీ వెళ్లాను. ఆయన దాన్ని బొటనవేలి గోటితో నిలువునా చీల్చారు. లోపల గులాబీ రంగు తిరిగిన చిన్న పురుగు, అది తొలుచుకుంటూ పోయిన దారి కనిపించాయి.

"ఎన్ని చెట్లు సార్?"

"పన్నెండు."

"పన్నెండు చెట్లకు మందేంది? ఇంట్ల కత్తెర లేదా?"

వాలిన ప్రతి కొమ్మనూ వాలినచోటికి రెండు వేళ్ల కిందికి కత్తిరించాలి, కత్తిరించినదాన్ని అక్కడే పడేయకుండా నీళ్ల బకెట్లో వేయాలి, మూడు రోజులకోసారి తిరిగి చూడాలి. ఆయన చెప్పింది ఇంతే. టీ తాగించి పంపారు. ఆ ఏడాది మా ఇంట్లో వంకాయలకు కొదవ లేదు. పుచ్చు కాయలు కూడా కొన్ని వచ్చాయి. అవి వస్తాయని ఆయన ముందే చెప్పారు.

తర్వాత ఆ దుకాణానికి పనిలేకుండా కూడా వెళ్లేవాణ్ణి. ఆయన మెడలో కళ్లజోడుతో పాటు ఒక చిన్న భూతద్దం కూడా దారానికి వేలాడుతుండేది. ఎవరు ఆకు తెచ్చినా ముందు తిప్పి వెనకవైపు చూసేవారు. "పురుగు మీద ఉండదు సార్, కింద ఉంటది. మీ వార్తలు గూడ గంతే గద," అని ఒకసారి నాతో అన్నారు. మందు అడిగినవాళ్లను "ఎవరు తింటరు?" అని అడిగేవారు. ఇంట్లోకే అంటే చాలామటుకు ఇచ్చేవారు కాదు. మొక్కల మధ్య జిగురు పూసిన పసుపు అట్ట కట్టమనో, గుడ్ల ముద్దలున్న ఆకు గిల్లి పారేయమనో, వేపనూనె చుక్కలు సబ్బునీళ్లలో కలిపి కొట్టమనో చెప్పేవారు. ఇవ్వాల్సి వస్తే, మందు కొట్టాక ఎన్ని రోజులదాకా కాయ కోయకూడదో ఆ అంకెను డబ్బా మీద బాల్ పెన్నుతో ఎంత పెద్దగా రాసేవారంటే, కంపెనీ పేరు దాని కింద కనిపించేది కాదు.

అలాగని ఆయన మందులకు వ్యతిరేకి కాదు. పత్తి రైతుకు కావలసిన మందు కావలసినంత అమ్మారు. ఆ సంగతి దాచి రాస్తే ఆయనే ఒప్పుకోరు. "నేను మందులమ్మేటోన్నే సార్. గని టమాటాకు ఇయ్యాల కొట్టి రేపు తెంపుతనంటే మాత్రం అమ్మ," అనేవారు. కొడుక్కి ఇది నచ్చేది కాదు. మా బాపు నడుపుతున్నది దుకాణం కాదు, ఆకుల దవాఖానా అని వచ్చినవాళ్లతో అనేవాడు. సేటు వినీ విననట్టు ఉండేవారు.

ఇక నా తప్పు సంగతి.

రెండేళ్ల కిందటి చలికాలం. మా జిల్లా పేజీలో వారానికోసారి పెరటి కూరగాయల మీద చిన్న వ్యాసం రాసేవాణ్ణి. ఆ వారం చిక్కుడు గురించి రాశాను. మా పందిరి మీద చిక్కుడు చివుళ్లు ముడుచుకుపోయి జిగటగా తయారయ్యాయి. ముడుచుకున్న ప్రతిచోటా ఒక వింత పురుగు కనిపించింది. నల్లటి ఒళ్లు, నారింజ మచ్చలు, బియ్యపు గింజంత మొసలిలాంటి ఆకారం. ఆకు బాగున్న చోట అది లేదు. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదనుకున్నాను. ఆ మొసలి పురుగులను కనిపించినవాటిని కనిపించినట్టు ఏరి సబ్బునీళ్లలో వేయండని రాశాను. ఫోటో కూడా వేశాం.

వ్యాసం వచ్చిన నాలుగో రోజు సేటు ఫోన్ చేశారు. "సార్, జెర దుకాణం దాకా రాండ్రి. వచ్చేటప్పుడు ఆ పేపరు గూడ తెచ్చుకోండ్రి."

నేను వెళ్లేసరికి బల్ల ముందు స్టూలు మీద ఒక ఆమె కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. ఒళ్లో ప్లాస్టిక్ సంచి, సంచిలో చిక్కుడు తీగలు. తీగల మీద రసం పీల్చే సన్న పురుగు, పేనుబంక, నల్లగా, మసి పూసినట్టు, వేలు పెట్టే సందు లేకుండా పట్టి ఉంది. ఈ వ్యాసం మొదట్లో ఫోన్ చేసిన ఆమే. నేనామెను చూడటం అదే మొదలు.

ఆమె జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. షిఫ్టు వ్యాన్ తిరుగుడు పడక మానేసి, ఇంటి వెనకున్న పది గుంటల్లో కూరగాయలు పెట్టింది. మోపెడ్ మీద తీసుకెళ్లి దగ్గర్లోని కాలేజీ క్యాంపస్ క్వార్టర్స్‌లో ప్రతి ఆదివారం ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది. మొదటిరోజే ఆ ఇళ్లవాళ్లకు ఒక మాట చెప్పిందట. మందు కొట్టిన వారం మీ గడప తొక్కను అని. అందరూ ఆమె దగ్గర తీసుకునేది ఆ మాట మీదే. ఇంట్లో అత్త, చదువుకునే కూతురు. ఆ చలికాలానికి ఆమె నమ్ముకున్నది ఆ చిక్కుడు పందిరి.

"పేపర్ల రాసిన్రని నేను, మా అత్త మూడు దినాలు ఏరినం సేటు," అంటోంది నేను వెళ్లేసరికి. "ఒక్కటి గూడ ఇడువలే. ఏరినకొద్దీ ఈ మసి ఎక్కువైంది. ఎవడు రాసిండో గని."

సేటు నా వైపు చూపించారు. "ఈయనే."

ఆమె నన్ను కింది నుంచి పైకి చూసింది. ఒళ్లో సంచి మూతి విప్పి నా వైపు తిప్పింది. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

సేటు టీ సాసర్ ఒకటి కడిగి బల్ల మీద పెట్టారు. పేనుబంక పట్టిన చివురు ఒకటి అందులో వేశారు. ఆమె సంచి అడుగున వెతికితే ఆ మొసలి పురుగు ఒకటి ప్రాణంతో దొరికింది. దాన్ని అగ్గిపుల్లతో చివురు మీదికి ఎక్కించి భూతద్దం నా చేతికిచ్చారు. నేను చూశాను. ఆ పురుగు ఒక పేనును పట్టుకుని తినేసింది. తర్వాత ఇంకొకటి. నేను గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పావుగంటలో అయిదు.

"ఇది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయినంక ఎర్రగ, గుండ్రంగ, నల్ల చుక్కలతోటి ఎగురుతది చూడు, గదే ఇది," అన్నారు సేటు. "పోలీసోన్ని పట్టుకొని దొంగ అని రాసిండ్రు సార్ మీరు."

ముప్పై ఏళ్లు నేర వార్తలు రాశాను. ఘటన జరిగిన చోట కనబడ్డ ప్రతివాడూ నిందితుడు కాడని కొత్తగా చేరిన విలేకర్లకు చెప్పేవాణ్ణి కూడా. ఆకు ముడుచుకున్నచోట ఆ పురుగు ఎందుకుందని మాత్రం అడగలేదు. దానికి తిండి అక్కడే ఉంది కాబట్టి ఉంది.

ఆమెకు ఈ సంగతంతా అవసరం లేదు. ఆదివారానికి నాలుగు రోజులుంది. మందు ఇమ్మంది. సేటు ఇవ్వనన్నారు. పక్క దుకాణంలో దొరుకుతుందంది.

"దొరుకుతది. నేనాపను," అన్నారు సేటు. "గని చెల్లె, మందు కొట్టి క్వార్టర్స్‌కు పోతవా, పోవా? పోతే నీ మాట పోతది. పోకుంటే మందు కొట్టీ ఏం ఫాయిదా?"

ఆగితే తోట దక్కుతుందన్న గ్యారంటీ ఏంటని అడిగింది. గ్యారంటీ లేదన్నారు సేటు. ఎనిమిది రోజులు ఆగి చూడమన్నారు.

"తోట పోతే?"

"పోతే వచ్చి ఈ దుకాణం ముందట కూసొని నన్ను తిట్టు. సారును గూడ తిట్టు. సారు పేపర్ల రాసుకుంటడు."

అప్పుడు నవ్వింది ఆమె. కొంచెమే.

ఆ ఎనిమిది రోజులు ఆయన ఏం చేశారో నేను పక్కనుండి చూశాను. మర్నాడు ఉదయం నన్ను సదాశివపేట దారిలో తనకు తెలిసిన రైతు కుసుమ చేనుకు తీసుకెళ్లారు. మందు కొట్టని చేను. చలికాలంలో కుసుమకు పేనుబంక పడుతుంది, దాని వెంటే అక్షింతల పురుగులు దిగుతాయి. కుసుమ ఆకుకు ముళ్లుంటాయి. ఆయన మణికట్ల దాకా చొక్కా గుండీలు పెట్టుకుని వచ్చారు. నాకు ఆ ముందుచూపు లేదు. "రాసినోడే ఏరాలె," అన్నారు. ఏరాను. పురుగులు, పిల్లలు, పసుపు గుడ్ల గుత్తులు ఉన్న కొసలు కత్తిరించి అట్టపెట్టెలో పెట్టాం. ఆ పెట్టె పురుగుమందు సీసాలు వచ్చిన పెట్టె. దాని మీద ఎర్ర ముక్కోణంలో పుర్రె బొమ్మ ఉంది. స్కూటర్ వెనక దాన్ని ఒళ్లో పెట్టుకుని కందిదాకా వెళ్లాను. దారిలో రెండు మూడు పురుగులు నా చొక్కా మీదికి ఎక్కాయి. వాటిని దులపొద్దని ముందు నుంచే అరిచారాయన.

అక్కడ ఆమె సేటు చెప్పిన పని చెప్పినట్టు చేసి ఉంచింది. బాగా పాడైన చివుళ్లు గిల్లి గుంతలో పూడ్చింది. మిగతా తీగలను పైపు నీళ్లతో గట్టిగా కడిగింది. ముత్తంగి జంక్షన్ దగ్గర లారీలు బాగుచేసే చోట పాత గ్రీజు అడిగి తెచ్చింది. ఆ గ్రీజు ఎందుకో నాకు తెలియలేదు. సేటు పందిరి గుంజ ఒకటి చూపించారు. చీమలు బారులు తీరి పైకి పోతున్నాయి. పేనుబంక వదిలే తీపి జిగురు చీమలకు తిండి. అందుకని పేనుబంక మీదికి ఏ పురుగు వచ్చినా అవి తరుముతాయి. ముందు కాపలావాళ్లను ఆపాలన్నమాట. గుంజ గుంజకూ గుడ్డపట్టీ కట్టి దానికి గ్రీజు పూశాం. పట్టీలన్నీ నేనే కట్టాను. ఆమె అత్త పక్కన నిలబడి, పేపరాయన ముడి గట్టిగానే వేస్తుండని సర్టిఫికెట్ ఇచ్చింది.

ఎండ తగ్గేదాకా పెట్టె తెరవనివ్వలేదు సేటు. ఎండలో వదిలితే ఎగిరిపోతాయట. జొన్న రొట్టె తిని కూర్చున్నాం. పొద్దు వాలాక కుసుమ కొసలను ఒక్కొక్కటిగా చిక్కుడు తీగలకు తగిలించారు.

ఇంటికి తిరిగొస్తూ సవరణ సంగతి ఎత్తారు. లోపలి పేజీలో నాలుగు లైన్లు వేస్తారని చెప్పాను, మా దగ్గర రివాజు అది. ఆయన స్కూటర్ ఆపారు. "తప్పు ఎంత అక్షరంతోటి అచ్చేసిండ్రో, దిద్దుబాటు గూడ గంతే అక్షరంతోటి వెయ్యాలె సార్. చిన్నగ వేస్తే చిన్న తప్పు అనుకుంటరు జనం." డెస్కుతో మూడు రోజులు గొడవపడ్డాను. మరుసటి వారం అదే చోట, అదే కొలతలో, అదే పురుగు ఫోటోతో వచ్చింది. సేటు దాన్ని దుకాణం అద్దానికి అంటించారు.

ఎనిమిదో రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. పందిరిలో ఒక మూల తీగలు కోలుకోలేదు, పీకేయాల్సి వచ్చింది. మిగతావాటి మీద మసి విడిపోయింది, కొత్త చివుళ్లు పచ్చగా వచ్చాయి. ఆమె రెండు ఆదివారాలు చిక్కుడు లేకుండానే క్వార్టర్స్‌కు వెళ్లింది. పురుగు పట్టింది, మందు కొట్టలేదు, అందుకే కాయ లేదు అని ఇంటింటికీ చెప్పింది. ఒక ఇంటివాళ్లు అప్పటినుంచి వేరే చోట కొనుక్కుంటున్నారు. మిగతావాళ్లు మూడో ఆదివారం దాకా ఆగారు. ఆ ఆదివారం ఆమె సేటుకు ఒక సంచి చిక్కుడుకాయలు తెచ్చింది. ఆయన సంచిలో చెయ్యి పెట్టి ఒక కాయ తీసి, తిప్పి చూసి, ఒక మూల చిన్న రంధ్రం కనిపిస్తే, "సరే, ఇది నీ తోటదే," అన్నారు.

అన్నిసార్లూ ఆయన చెప్పిందే జరగలేదు. పోయినేడు నా బెండ మొక్కల మీద తెల్లదోమ చూసి, ఆగండి, తగ్గుతుందన్నారు. తగ్గలేదు. ఆకుల ఈనెలన్నీ పసుపెక్కి మడి మొత్తం పోయింది. కబురు తెలిసి స్కూటర్ మీద మా ఇంటికి వచ్చారు. "నేను చెప్పింది తప్పు సార్. మొదట్ల రోగమొచ్చిన రెండు చెట్లు అప్పుడే పీకమని చెప్పాల్సుండె," అన్నారు. ఆ మాట నిలబడే చెప్పి, కూర్చోకుండానే మడిలోకి దిగి నాతో పాటు మొక్కలు పీకారు. తప్పు ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు పత్రికాఫీసుల్లో కనబడలేదు.

ఆయన పోయిన మూడో రోజు కందికి వెళ్లాను. ఆమె చేతిలో తీగతో షట్టర్ ముందు నిలబడిన సంగతి నన్ను వదల్లేదు. ఈసారి పేనుబంక ముందుగానే వచ్చిందని ఫోన్లో చెప్పింది. ఆదివారం దగ్గర్లోనే ఉంది. అడగడానికి సేటు లేరు. పక్క దుకాణాలు తెరిచే ఉన్నాయి.

వెళ్లేసరికి ఆమె పందిరి కింద ఉంది. మందు వాసన కోసం నేను గాలి పీల్చడం గమనించినట్టుంది.

"కొట్టలే సార్," అంది.

ఏం చేశావని అడిగాను. పందిరికి అవతల, గట్టు వెంబడి పెట్టిన ఒక సాలు చూపించింది. అలసంద. వానాకాలం చివర్లో విత్తిందట. సేటు చెప్పారా అని అడిగాను. కాదంది. కుసుమ చేను ప్రతి ఏడూ ఎక్కడ వెతకాలని తనే అనుకుందట. అలసందకు పేనుబంక ముందు పడుతుంది, అక్షింతల పురుగులు అక్కడికే ముందు దిగుతాయి. చిక్కుడుకు అవసరమైనప్పుడు అక్కడి నుంచి కొసలు కత్తిరించి తెచ్చి పందిరికి తగిలిస్తే చాలు. షట్టర్ దగ్గర నుంచి తిరిగొచ్చిన రోజు సాయంత్రమే తగిలించింది. ఎండ తగ్గాకే. గుంజలకు కొత్త పట్టీలు కట్టి ఉన్నాయి.

"సేటుకు చూపిద్దమనుకున్న, ఈ సాలు," అంది. "ముందుగాల నడుస్తదో లేదో చూసి చెప్దమని ఆగిన."

"నడుస్తుందా?"

"మీరే చూడున్రి."

చిక్కుడు తీగ ఒకటి తిప్పి చూశాను. ఆకు కింద మొసలి పిల్లలు నాలుగు. మసి ఇంకా ఉంది, కానీ అంచుల నుంచి తరుగుతోంది. ఈ ఆదివారం కాయ తక్కువే ఉంటుందని, ఉన్నంత తీసుకుని వెళ్తానని చెప్పింది. ఆ గొంతులో అనుమానం లేదు.

అలసంద సాలు దగ్గరికి వెళ్లాను. కాయలు ముదిరి ఎండుతున్నాయి, ఎవరూ కోయలేదు. కాడలన్నీ నల్లగా పేనుబంక కప్పేసి, చూడ్డానికి తెగులు సోకి వదిలేసిన పంటలా ఉంది. దగ్గరికి వంగితే ఆ నలుపంతటా ఎర్రటి చుక్కలు కదులుతున్నాయి. అవతలి మడి నుంచి ఆమె అత్త వంకాయల బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఆ సాలు దగ్గర దారి ఇరుకు. ముసలావిడ అక్కడ ఆగి, ఒక చేత్తో బుట్ట పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుంది. ఏ ఆకుకూ తగలకుండా, ఏ పురుగూ రాలకుండా, పక్కకు తిరిగి ఒక్కో అడుగూ వేస్తూ దాటింది.